తాగకుండా తెచ్చిన నీళ్ళు

ఆ సీసా దొరక్కుండా ఉంటే బాగుండేది. మొన్న వేసవి చివర్లో జీడిపిక్కల కొట్టులో ఎలుకలు పడ్డాయని గోతాలన్నీ బయటికి తీయిస్తుంటే, మూలనున్న పాత సైకిలు టైర్ల మధ్య నుంచి ఠంగుమని కింద పడింది. మిలటరీవాళ్ళు నడుముకి కట్టుకునే అల్యూమినియం నీళ్ళ సీసా అది. మా చిన్నాన్న పటాలం నుంచి సెలవుకి వచ్చినప్పుడు తెచ్చి నాకిచ్చాడు. పైనుండే ఖాకీ గుడ్డ తొడుగుని ఎలుకలు ఎప్పుడో తినేశాయి. మూత మాత్రం చిన్న గొలుసుతో మెడకి వేలాడుతూ అలాగే ఉంది. గోతాలు మోస్తున్న మనిషి ఆగి, "ఏటి మాస్టారూ, పాత సామానోడికి ఇచ్చీమంటారా?" అని అడిగాడు. వద్దన్నాను. అరవై దాటిన మనిషిని, పిక్కల గోతం మీద చతికిలబడి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను. నా చిన్నతనంలో నేను చేసిన ఒకే ఒక్క ఘనకార్యం ఆ సీసాతోనే చేశాను. అది దొంగ ఘనకార్యం. ఆ సంగతి అప్పటిదాకా నాకు తప్ప ఎవరికీ తెలీదు.

నన్నెరిగినవాళ్ళకి ఈ మాట వింతగా ఉంటుంది. టెక్కలిలో ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా ఈల ఊదినవాణ్ణి. మొన్నమొన్నటిదాకా వారానికి మూడు రోజులు తెల్లవారుతూనే సైకిలు తీసి, మందస కొండల దారి పట్టి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చేవాణ్ణి. దారిలో టీ కొట్టువాళ్ళు నా కాళ్ళు చూసి మెచ్చుకునేవారు. కానీ పద్దెనిమిదేళ్ళప్పటి నన్ను చూసి ఉంటే వాళ్ళే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. ఇంటరు తప్పి ఇంట్లో కూర్చున్నాను. మూడు పూటలా తినడం, పనసచెట్టు కింద మంచం వాల్చుకుని పడుకోవడం, ఇదే నా ఉద్యోగం. వీధిలో నడిస్తే ఆయాసం. సుమ్మాదేవి దగ్గర రైలు గేటుకి ఎక్కే ఆ కాస్త మెట్ట ఎక్కడానికి కూడా సైకిలు దిగి నెట్టుకుంటూ పోయేవాణ్ణి. ఒకసారి మా ఊరి అమ్మవారి సంబరంలో కుర్రాళ్ళంతా పల్లకీకి భుజం పడుతుంటే నేనూ సరదాపడి పట్టాను. పది అడుగులు వేశానో లేదో కాళ్ళు వణికిపోయి పల్లకీ ఒక పక్కకి ఒరిగింది. వెనకనుంచి ఎవరో నా మెడ పట్టుకుని పక్కకి లాగి, తన భుజం అక్కడ పెట్టాడు. అంతే, ఊరేగింపు ఆగకుండా సాగిపోయింది. ఆడవాళ్ళు కూడా నవ్వారు. నేను జీడితోటలోకి పోయి చీకటిపడేదాకా ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే పురుషోత్తం బావ మా గుమ్మం ముందు సైకిలు గంట కొట్టాడు. బావ మా మేనత్త కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద. మా ఇంటికి రెండిళ్ళ అవతలే వాళ్ళిల్లు. తండ్రి లేకపోవడంతో పదహారో ఏటి నుంచే తోట పని నెత్తిన వేసుకున్నాడు. పొద్దుటిపూట ముప్ఫై నలభై కొబ్బరిచెట్లు ఎక్కి దిగి, ఏమీ ఎరగనట్టు వచ్చి సైకిలెక్కేవాడు. బక్కపలచని మనిషి, ఒంట్లో నరాలు తప్ప ఏమీ ఉండేవి కావు. "రేపట్నుంచి నాతో కొండకి రా. ఆర్నెల్లు తిరిగితే పల్లకీ ఒక్కడివే మోసెత్తావు" అన్నాడు. వెక్కిరిస్తున్నాడనుకున్నాను. వెక్కిరింపు కాదు. ఆ రోజు పల్లకీ దగ్గర నవ్వని మనిషి అతనొక్కడే.

ఆ రోజుల్లో మా ఉద్దానంలో సైకిలు పని కోసం ఉండేది. కొబ్బరికాయలు మోయడానికి, కాశీబుగ్గ సంతకి పోవడానికి, పురుడొస్తే మంత్రసానిని తీసుకురావడానికి. ఊరికే తొక్కడానికి సైకిలు తీశామంటే మతి పోయిందనుకునేవారు. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు ఆరబోస్తూ మమ్మల్ని ఆపేది. బొబ్బలెక్కిన చేతులు, పిక్కల రసానికి నల్లబడ్డ గోళ్ళు, నోట్లో ఎప్పుడూ నిప్పు లోపలికి పెట్టి పీల్చే అడ్డపొగ చుట్ట. "ఏ పని మీదర్రా?" అని అడిగేది. "పనేటీ నేదమ్మమ్మా, ఊరికినే" అని బావ చెప్తే ముక్కు మీద వేలేసుకునేది. "ఊరికినే తిరగడానికి మీరేటి దేశదిమ్మర్లా? ఖాళీ సైకిలు గుమ్మం దాటకూడదు, ఉండండి" అంటూ లేచి, క్యారేజీకి కొబ్బరి తాడుతో కాయలు కట్టేది. కొండ మీద సవర గూడెంలో మా తాతకి నేస్తం కట్టిన ముసలాయన ఉండేవాడు. కాయలు ఆయనకి. వచ్చేటప్పుడు ఆయన ఇచ్చే చింతపండో, పనసకాయో, పసుపు కొమ్ములో క్యారేజీ మీద ఉండాలి. అదీ ఆవిడ పెట్టిన కట్టడి. మొదటిసారి రెండు కాయలు కట్టింది. నా ఆయాసం తగ్గుతున్నకొద్దీ కాయలు పెంచుకుంటూ పోయింది. నాకు కసరత్తు చేయించినవాళ్ళలో ఆవిడ కూడా ఉందని చాలా ఏళ్ళ తర్వాత గాని తట్టలేదు.

మందస దాటాక తారురోడ్డు వదిలేసి ఎర్రమట్టి దారిలోకి తిరిగేవాళ్ళం. అక్కడి నుంచి అంతా ఎక్కుడే. రాళ్ళు తేలిన బండిదారి, పక్కన జీడిమామిడి తోపులు, పళ్ళు రాలి పులిసిన వాసన. మొదటి వారం సగం దూరం సైకిలు నేనే మోశానంటే నమ్మాలి. బావ ముందు పోయి, మలుపు దగ్గర ఆగి చూసేవాడు గానీ ఎన్నడూ వెనక్కి వచ్చి నెట్టలేదు. "దిగితే దిగు. కూకోకు. కూకున్నావంటే కొండ నిన్ను మింగీసినట్టే" అనేవాడు. పైకి చూడొద్దని, ముందు చక్రం మడ్‌గార్డు మీదే చూపు పెట్టమని చెప్పాడు. తిన్నగా ఎక్కలేని చోట దారికి అడ్డంగా అటూ ఇటూ మళ్ళిస్తూ ఎక్కడం నేర్పాడు. దిగేటప్పుడు రెండు బ్రేకులూ ఒక్కసారి నొక్కి పనసకాయతో సహా నేను పొదలో పడితే, బావ కాయ పగిలిందేమోనని ముందు చూసి, ఆ తర్వాత నా మోకాలు చూశాడు. నెల తిరిగేసరికి సుమ్మాదేవి గేటు మెట్ట ఎప్పుడు దాటానో తెలియకుండా దాటేశాను. ఆ రోజు నాలో ఏదో లేచి నిలబడింది. అలాంటి సంతోషం మళ్ళీ నాకు పెళ్ళిలో కూడా కలగలేదు.

ఇక నీళ్ళ సంగతి. చెమట మీద నీళ్ళు తాగకూడదని మా ఇళ్ళల్లో గట్టి పట్టింపు. ఊపిరి పట్టేస్తుందని, కాళ్ళు చచ్చుబడతాయని చెప్పేవారు. తోటలో కాయలు దించేవాళ్ళు పొద్దెక్కేదాకా నీళ్ళు ముట్టేవారు కాదు, పని ముగించి, నీడన కూర్చుని, చెమటారాకే చోడి అంబలి తాగేవారు. దాహానికి ఓర్చుకున్నవాడే గట్టి పనివాడని పేరు. బావ దాన్ని మా ఇద్దరికీ పందెం చేశాడు. "సీసా నిండా నీళ్ళు నీ దగ్గరే ఉంటాయి. ముందు తాగినోడు ఓడిపోయినట్టు. ఇంటికెళ్ళేదాకా" అన్నాడు. నీళ్ళు నిండి ఉన్న సీసా తిరిగి తెస్తే నాయనమ్మ దాన్ని అందుకుని, చేత్తో బరువు చూసి, నూతి పక్కన అప్పుడే నాటిన కొబ్బరిమొక్క మొదట్లో పోసేది. "సుక్క తరక్కుండా తెచ్చినార్రా నా నాయనలు" అని ఇద్దరి బుగ్గలూ పుణికేది. గంటసేపు అరుగు మీద కూర్చోబెట్టి, అప్పుడు చెరో లోటా తరవాణి ఇచ్చేది. ఉప్పు, మిరపకాయ నంజుకుని ఆ పులిసిన గంజినీళ్ళు తాగుతుంటే మేమేదో రాజ్యం గెలిచి వచ్చినట్టుండేది.

నేను తాగేవాణ్ణి. మొదటి పందెం నాడే తాగాను. రెండో మలుపు దాటాక బావ కనుమరుగవగానే సీసా మూత తీసి గటగటా తాగేశాను. ఇంకాస్త పైన దారికి అడ్డంగా ఒక గెడ్డ పారేది, మోకాలి లోతు కూడా ఉండేది కాదు. అక్కడ మళ్ళీ కడుపునిండా తాగి, మొహం కడుక్కుని, సీసా నింపి, మూత బిగించి, తడి తుడిచేశాను. పైన ఇప్పచెట్టు కింద బావ పెదాలు ఎండిపోయి కూర్చుని ఉన్నాడు. సీసా అందుకుని ఊపి చూశాడు. నన్ను తేరిపారా చూశాడు. "ఒరే కేశవా, నువ్వు మనిషివి కావురా" అన్నాడు. ఆ చూపుని ఎలా వదులుకోను? పల్లకీ దగ్గర మెడ పట్టి లాగేసిన కుర్రాణ్ణి నేను. నన్ను చూసి ఒక మగాడు అలా ఆశ్చర్యపోవడం అదే మొదలు. ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ తాగాను, ప్రతిసారీ నింపాను.

ఒకనాటి సంగతి మాత్రం ఎన్నిసార్లు తోసేసినా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. మంచి ఎండలు. పొద్దున్న బావ ఎక్కువ చెట్లెక్కి వచ్చాడు. ఇప్పచెట్టు కిందికి నేను చేరేసరికి నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు, పిక్కలు పట్టేసి మెలికలు తిరుగుతున్నాయి. పెదాల మీద తెల్లగా పొరలు. కాళ్ళు రుద్దాను. లేచి కూర్చుని సీసా అందుకున్నాడు. మూత సగం తిప్పి నా వైపు చూశాడు. "ఏరా, తాగీమంటావేటి?" అన్నాడు. అతను అడిగింది నా అనుమతి. "తాగు బావా" అంటే చాలు. నా కడుపులో గెడ్డ నీళ్ళు ఇంకా చల్లగా కదులుతున్నాయి. "నీ ఇష్టం. నాకైతే అక్కర్లేదు" అన్నాను. బావ కాసేపు చూసి, మూత బిగించి, సీసా నాకు ఇచ్చేశాడు. "నీకే అక్కర్లేనప్పుడు నాకెందుకురా" అని నవ్వడానికి ప్రయత్నించాడు. ఇంటికొచ్చాక ఆ నీళ్ళు మొక్కకి పోశారు.

ఆ మరుసటి సంబరానికి పల్లకీ ముందు కొమ్ము పట్టింది నేనే. ఇంటరు మళ్ళీ రాసి గట్టెక్కాక, ఆ ఒళ్ళు చూసే నన్ను వ్యాయామ శిక్షణ కాలేజీలో చేర్చుకున్నారు. అక్కడ మొదటి నెలలోనే పాఠం చెప్పారు, చెమట పట్టే మనిషికి నీళ్ళు పడకపోతే లోపల ఏమేమి పాడవుతాయో. ఆ రాత్రంతా బావే గుర్తొచ్చాడు. సెలవులకి ఇంటికొచ్చి చెబుదామనే అనుకున్నాను. చెబితే, మరి నువ్వెలా తాగకుండా ఎక్కావురా అని అడుగుతాడు. చెప్పలేదు. అదే ఏడు మా సావిత్రక్కని బావకిచ్చి చేశారు. ఇక అసలే చెప్పలేకపోయాను. టెక్కలి బడిలో నా గ్రౌండు పక్కన ఎప్పుడూ నీళ్ళ కుండ ఉండేది. పిల్లలు పరిగెత్తడానికి ముందూ తర్వాతా నా ఎదురుగా తాగాల్సిందే. ఎంత దయగల మాస్టారో అనేవారు తోటివాళ్ళు. అక్కడికి కొద్ది దూరంలోనే బావ ముప్ఫై ఏళ్ళపాటు ఎండలో చెట్లెక్కుతూ, తాగకుండా ఓర్చుకుంటూ, కూలివాళ్ళకి నా కథ చెప్తూ బతికాడు.

మా ఉద్దానంలో కిడ్నీల జబ్బు ఎందుకొస్తుందో ఎవరూ తేల్చలేదు. మా నూతి నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, రక్తం పట్టుకెళ్ళారు. నీళ్ళు ఎంత తాగేవాళ్ళో ఎంత ఎండలో చేసేవాళ్ళో కూడా అడిగి రాసుకున్నారు. మా వీధిలో పాడె లేవని ఇల్లు వెతికితే దొరకడం కష్టం. కాబట్టి నా పందెం వల్లే బావకి వచ్చిందని నేననలేను. కాదనీ అనలేను. ఊళ్ళో పరీక్షలు పెట్టినప్పుడల్లా నా చీటీ శుభ్రంగా వస్తుంది. బావ వారానికి మూడుసార్లు పలాస పోయి మిషను మీద పడుకుంటాడు. రోజుకి రెండు చిన్న గ్లాసుల నీళ్ళే, అంతకు మించి తాగితే ఒంట్లోనే నిలిచిపోతాయి. అక్క స్టీలు గ్లాసుకి మేకుతో గీత గీసి, ఆ గీత దాకానే పోస్తుంది.

సీసా దొరికిన వారంలోనే, కొండ దారి మొదట్లో విశాఖపట్నం కుర్రాళ్ళు నలుగురు ఎదురయ్యారు. రంగురంగుల హెల్మెట్లు, గేర్ల సైకిళ్ళు, వీపు మీద నీళ్ళ సంచీ, అందులోంచి నోటి దగ్గరికి గొట్టం. తొక్కుతూనే పీలుస్తున్నారు. నన్ను దారి అడిగి, "ఈ వయసులో ఇంత ఫిట్‌గా ఎలా ఉన్నారంకుల్?" అన్నారు. వాళ్ళకి దారి చూపించి వెనక్కి తిరిగాను. ఆ పూట కొండెక్కబుద్ధి కాలేదు. ఇంటికెళ్ళి సీసా కడిగి, తిన్నగా బావ దగ్గరికి పోయాను.

బావ వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మిషను సూదులు గుచ్చే ఎడమ చెయ్యి నరాలు తాళ్ళలా ఉబ్బిపోయాయి. కాళ్ళు మాత్రం చూడలేకపోయాను, ఆ కాళ్ళు కావవి. సీసా చూడగానే అతని మొహం వెలిగింది. "ఒలె సావిత్రీ, ఇటు రాయే! ఈ సీసా నిండా నీళ్ళెట్టుకుని సుక్క ముట్టకుండా కొండెక్కీసినోడే మీ తమ్ముడు" అని అక్కని కేకేశాడు. అక్క ఆ కథ వెయ్యిసార్లు విన్నది, నవ్వి మందులు తేవడానికి బజారుకెళ్ళింది. బావ సీసాని నిమురుతూ గొంతు తగ్గించాడు. "నిజం సెప్తానొరే. నాలిక అంటుకుపోయినప్పుడు నిన్నే తల్సుకుంటాను. ఆ లావు గుంటడు ఓర్సుకున్నాడు, నేనోర్సుకోలేనేటి అనుకుంటాను. అలాగే లాగించెత్తన్నాను."

అప్పుడైనా నోరు మూసుకోవలసింది. నలభై ఏళ్ళు మోసినవాణ్ణి ఇంకొన్నాళ్ళు మోయలేకపోయాను. "నేను తాగేవాణ్ణి బావా" అన్నాను. "మలుపు తిరగ్గానే తాగేసేవాణ్ణి. గెడ్డ దగ్గర మళ్ళీ నింపేవాణ్ణి. నువ్వు కాళ్ళు పట్టేసి పడిపోయిన రోజు కూడా తాగే వచ్చాను."

బావ సీసా మూత తీసి లోపలికి చూశాడు, మళ్ళీ పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. "ప్రతీసారీనా?" అన్నాడు. అవునన్నాను. మంచం పట్టె చూస్తూ, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"ఆ గెడ్డ నీళ్ళు సల్లగుండీవేటి?"

పది రోజులకి అక్క ఫోను చేసింది. బావ పెరట్లో కుళాయి దగ్గర వంగుని, అక్క చూడకుండా, చెంబు మీద చెంబు తాగేశాడట. అంతకుముందు రోజు కూడా తాగాడట. ఊపిరందక ఎగపోత పెడుతుంటే పలాస తీసుకుపోయారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. మిషను మీద పెట్టి ఆ నీరు తీశారు. "ఇన్నేళ్ళూ ఓర్సుకున్న మనిషి. ఇప్పుడు దొంగతనంగా తాగుతున్నాడురా. ఏటొచ్చిందో నాకు తెలవట్లేదు" అని ఏడ్చింది. నాకు తెలుసు. అక్కకి చెప్పే ధైర్యం నాకు లేదు. డాక్టరు ఇలా ఇంకో రెండుసార్లు జరిగితే తమ చేతుల్లో ఏమీ ఉండదని నాతోనే అన్నాడు.

ఇప్పుడు నేను కొండకి వెళ్ళడం లేదు. బావ మిషను మీదుండే రోజుల్లో పొద్దున్నే సైకిలు మీద పలాస పోయి, ఆ నాలుగు గంటలూ పక్కన స్టూలు మీద కూర్చుంటాను. నూతి దగ్గరి కొబ్బరిచెట్టు సంగతి మాట్లాడతాను, తుపానుకి తల విరిగాక మొదలు మాత్రమే మిగిలింది. అతను వినడు. కళ్ళు మూసుకుని, "గెడ్డ దగ్గరికి పద" అంటాడు. చెప్తాను. రెండో మలుపు దాటానని, బావ కనబడటం లేదని, సైకిలు రాయికి ఆనించానని. నీళ్ళ అడుగున గులకరాళ్ళు కనబడుతున్నాయని. దోసిలి ముంచితే వేళ్ళు జివ్వుమన్నాయని. తాగుతున్నానని. అతని గొంతు ముడి పైకీ కిందికీ కదులుతుంది. ఇక చాల్లే అని నేను మాటల్లోనే సీసా నింపి మూత పెట్టబోతే, కళ్ళు తెరవకుండానే నా మణికట్టు పట్టుకుంటాడు.

"అప్పుడే మూతెట్టకురా," అంటాడు. "ఇంకో గుక్క తాగు."